ఊక పట్టిన రంగు

కొత్త చీరెను మొదటిసారి నీట ముంచిన దినమున ప్రతి ఇల్లాలును ఒక చిన్న పరీక్ష జరుపును. బకెట్టులోని నీటి వంక చూచి "రంగు దిగుతున్నది" అనియో, "పరవాలేదు, గట్టి రంగే" అనియో తీర్పు చెప్పును. దిగిన రంగునీటిని పెరటిలో పాఱబోయుటతో ఆ విచారణ ముగియును. ఒక్క చీరె విషయములో ఇది లెక్కకు రాదు. కాని ఆ చీరె నూలు మన యింటికి రాకముందే, అద్దకపు తొట్టిలో, ఇంతకు ఎన్నియో రెట్లు రంగును నీటిలో విడిచి వచ్చినదనియు, ఆ నీటినిగూడ ఎవరో ఎక్కడనో పాఱబోసిరనియు మనకు తోచదు. ఆ "ఎక్కడనో" యనునది తఱచుగా ఒక వాగు, ఒక చెఱువు, లేదా ఒక ఏఱు.

ఆ రంగునీటికి మందుగా శాస్త్రజ్ఞులు కొన్ని వస్తువులను సూచించుచున్నారు. అవి వెలగల వస్తువులు కావు. వడ్ల ఊక, రంపపు పొట్టు, వేపాకు పొడి, కొబ్బరి పీచు తీయగా రాలిన పొట్టు, అరటి బోదె, నారింజ తొక్క, రొయ్య పెంకు - ఇవియే ఆ మందులు. మన భాషలో "ఊకదంపుడు" అనినచో వ్యర్థప్రయాస యని అర్థము. అట్టి ఊక అర్ధశతాబ్ది కాలముగా ప్రయోగశాలలలో పీఠమెక్కి కూర్చున్నది. ఆ పీఠమునకు అది ఎంతవఱకు అర్హము, దాని శక్తికి హద్దు ఎచ్చట నున్నది యను విషయమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

రంగు నీటిపాలగుట ఎట్లు?

మన పూర్వులు నీలిమందుతోను, చిరువేరుతోను, కరక్కాయతోను, పటికతోను నూలునకు రంగులద్దిరి. సంప్రదాయము తప్పని కలంకారీ పనివారు నేటికిని కరక్కాయపొడి, పాలు కలిపిన నీటిలో గుడ్డను ఊఱవేసిన తరువాతనే కలము పట్టుదురు. 1856లో లండను నగరమున విలియం హెన్రీ పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి, మలేరియా జ్వరమునకు మందగు క్వినైనును బొగ్గుతారు సంబంధమైన పదార్థములనుండి తయారుచేయబోయి, దానికి మాఱుగా ఒక ఊదారంగును కనుగొనెను. కృత్రిమ వర్ణముల యుగము నాటితో ఆరంభమైనది. 1897లో జర్మనీలో తయారైన కృత్రిమ నీలి విపణిలోనికి రాగా, మన దేశపు నీలిమందునకు గిరాకి క్షీణించెను. 1956లో ఇంగ్లండునందు మఱియొక జాతి వర్ణములు అమ్మకమునకు వచ్చెను. ఇవి నూలుపోగుతో రసాయనిక బంధమునే కల్పించుకొనును. కావున వీనిని చర్యాశీల వర్ణములందురు. నేడు నూలుగుడ్డల అద్దకములో వీనికే ప్రాధాన్యము.

ఈ వర్ణములు పోగును పట్టుకొన్నచో విడువవు. కాని తొట్టిలోని వర్ణమంతయు పోగును చేరదు. పోగుతో కలియవలసిన వర్ణములో కొంత భాగము నీటితోనే కలిసి తన పట్టును కోల్పోవును. రంగును బట్టి, పద్ధతిని బట్టి, నూటికి 10 పాళ్ళు మొదలు 50 పాళ్ళ వఱకు వర్ణము ఇట్లు అక్షరాలా నీటిపాలగును. వర్ణము పోగువైపు మొగ్గుటకై తొట్టిలో ఉప్పు వేయుట పరిపాటి. అది లీటరు నీటికి 50 గ్రాముల వఱకు, ముదురు రంగులకు అంతకు మించియు నుండును. ఆ ఉప్పు గుడ్డలో నిలువదు. నీటితోనే బయటికి పోవును. ఈ ఉప్పు సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మనకు ముందు పని కలదు. ఒక కిలో నూలుగుడ్డకు అద్దకమును, కడుగుటయు పూర్తియగుసరికి సుమారు 100 లీటర్ల నీరు ఖర్చగుట సామాన్యము.

ఇందొక చిత్రము కలదు. ఎండకు వెలవని రంగు, సబ్బునకు దిగని రంగు, చెమటకు చెదరని రంగు కావలెనని అంగడిలో మనమే అడుగుదుము. రసాయన శాస్త్రజ్ఞుడు మన కోరికను తీర్చెను. ఎండకును సబ్బునకును లొంగని ఆ రంగు ఏటిలో పడినప్పుడు ఎండకు గాని, సూక్ష్మజీవులకు గాని సులభముగా లొంగదు. మన బట్టకు గుణమైనదే ఏటికి దోషమైనది. లీటరు నీటిలో ఒక్క మిల్లిగ్రాము రంగున్నను పలుమాఱులు కంటికి కానవచ్చును. రంగు చిక్కబడినకొలది ఎండ నీటి అడుగునకు దిగదు. అచ్చటి మొక్కలు ఆహారము చేసికొనలేవు. అవి విడువవలసిన ప్రాణవాయువు కొఱవడును. ఇంతియే కాదు. అజో జాతి వర్ణములలో కొన్ని విఱిగినప్పుడు క్యాన్సరు కలిగింపగల పదార్థములు పుట్టును. ఆ కారణముచే 1997లో భారత ప్రభుత్వము 70 అజో వర్ణముల వాడుకను నిషేధించెను.

ఇంకుట వేఱు, అంటుట వేఱు

స్పాంజి ముక్క నీటిని పీల్చుకొన్నప్పుడు నీరు దాని లోపలికి ఇంకును. ఇది శోషణము. నూనె రాచిన పళ్ళెముపై పిండి చల్లినచో పిండి పళ్ళెములోనికి ఇంకదు, పైభాగమున అంటుకొనును. ఇట్లు ఒక ఘనపదార్థపు ఉపరితలమున మఱియొక పదార్థము చేరి నిలుచుటకు అధిశోషణమని పేరు. రంగు ఊకకు పట్టుట ప్రధానముగా ఈ రెండవ జాతికి చెందిన వ్యాపారము.

1785లో పీటర్స్‌బర్గు నగరమున టోబియాస్ లోవిట్స్ అను శాస్త్రజ్ఞుడు టార్టారిక్ ఆమ్లపు ద్రావణముతో పనిచేయుచుండెను. మన చింతపండునకు పులుపునిచ్చు ఆమ్లమే ఇది. గోధుమవన్నెతో నున్న ఆ ద్రావణమున బొగ్గుపొడి కలుపగా వన్నె విఱిగి ద్రావణము తేటపడెను. పిమ్మట చక్కెర కర్మాగారములవారు ఎముకల బొగ్గుతో పాకమును తెలుపుచేయ నేర్చిరి. 1881లో హైన్రిఖ్ కైజర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ వ్యాపారమునకు శోషణమునుండి వేఱుగా ఒక పేరును వాడుకలోనికి తెచ్చెను.

ఈ వ్యాపారమునకు లెక్క చూపినవారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ముఖ్యుడు. ఆయన 1918లో ప్రకటించిన సూత్రమును మన తరగతి గది ఉపమానముతో గ్రహింపవచ్చును. గదిలో 40 ఆసనములున్నవి. ఒక ఆసనమునకు ఒక్క విద్యార్థియే. ఆసనములు ఖాళీగా నున్నంతసేపు వచ్చినవాడు వచ్చినట్లే కూర్చుండును. నిండుచున్నకొలది చోటు వెదకుకొనవలసి వచ్చును. 41వ వాడు వాకిటనే నిలువవలెను. కూర్చున్నవారిలో కొందఱు లేచిపోవుటయు, ఆ చోట వేఱొకరు కూర్చుండుటయు జరుగుచునే యుండును. అధిశోషకపు ఉపరితలమున వర్ణకణముల తీరును ఇట్టిదియే. ఆసనములెన్ని కలవో అంతియే దాని శక్తి.

ఆసనములు పెరుగవలెననినచో ఉపరితలము పెరుగవలెను. కొబ్బరి చిప్పల బొగ్గును మిక్కిలి వేడిలో ఆవిరితో గుల్లపఱచినచో ఉత్తేజిత కర్బనము సిద్ధించును. దానిలోని సూక్ష్మరంధ్రముల గోడలన్నియు విప్పి పఱచగలిగినచో, ఒక్క గ్రాము బొగ్గునకు 1000 చదరపు మీటర్ల వైశాల్యము వచ్చును. అనగా పాతిక సెంట్ల నేల చిటికెడు పొడిలో ఇమిడియున్నదన్నమాట! దీని శక్తికి సాటి లేదు. కాని వెల ఎక్కువ. చిన్న అద్దకపువాడు దానిని నిత్యము కొని వాడజాలడు. ఇట్టి స్థితిలోనే శాస్త్రజ్ఞుల చూపు ఊకపై పడినది.

ఊకకు శక్తి ఎక్కడిది?

నూలుగుడ్డ యనగా సెల్యులోజు. ఊకలోను, రంపపు పొట్టులోను, అరటి బోదెలోను ముఖ్యముగా నున్నదియు సెల్యులోజే. దానితో లిగ్నిను మొదలగునవి పెనవేసికొని యుండును. ఊకలో అదనముగా నూటికి 15 నుండి 20 పాళ్ళ సిలికా కలదు. అనగా గుడ్డకును ఊకకును చుట్టఱికమున్నది. గుడ్డ విడిచిన రంగును ఊక చేపట్టుట, దాయాది వదలిన ఆస్తిని దాయాది చేరదీయుట వంటిది.

దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చును. మందుల అంగడిలో దొరకు జెన్షన్ వయొలెట్ అను ఊదారంగు మందును లీటరు నీటిలో పది చుక్కలు కలుపవలెను. చేతికంటినచో వదలదు గనుక ఉపాధ్యాయుడే చేతితొడుగులు వేసికొని కలుపుట మంచిది. ఆ నీటిని రెండు గాజు పాత్రలలో సమముగా పోయవలెను. ముందుగా పొడిచేసి, నీటిలో కాచి, కడిగి, ఎండబెట్టిన ఊకను ఒక పాత్రలో గుప్పెడు వేసి, అప్పుడప్పుడు కలుపుచు ఒక గంటసేపు ఉంచవలెను. ఊక అడుగునకు దిగిన పిదప రెండు పాత్రలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో భేదము స్పష్టమగును. నీటిలోని ఊదారంగు ఊకలోనికి చేరియుండును.

మఱునాడు ఇదే ప్రయోగమును ఎఱ్ఱసిరాతో చేయవలెను. ఈ మాఱు ఊక మొగము చాటువేయును. ఎఱ్ఱదనము చాలవఱకు నీటిలోనే నిలుచును. ఏలయనగా నీటిలో నున్న ఊక ఉపరితలము సాధారణముగా ఋణ విద్యుదావేశము గలది. జెన్షన్ వయొలెట్ వర్ణకణము ధనావేశము గలది. కావున రెండును ఆకర్షించుకొనును. ఎఱ్ఱసిరాలో తఱచుగా వాడు ఇయోసిన్ ఋణావేశము గలది. ఊక దానిని వికర్షించును. ఒక్క ఆవేశమే సర్వమును నిర్ణయింపకున్నను, ప్రధానమైన తాళపుచెవి అదియే.

ప్రయోగము ముగిసిన వెంటనే చురుకైన విద్యార్థి ఒకడు లేచి, "మాస్టారూ, రంగుపట్టిన ఈ ఊకని ఇప్పుడెక్కడ పారేయాలండీ?" అని అడిగినచో, ఉపాధ్యాయుడు వానిని మెచ్చుకొనవలెను. ఈ విద్యలో అసలు ప్రశ్న అదియే. దానికి సమాధానము వెదకుటకు ముందు ప్రయోగశాలలు ఏమి సాధించినవో చూతము.

ప్రయోగశాలల మాట

1976లో బెల్ఫాస్టు నగరపు పరిశోధకులు పూట్స్, మెక్కే, హీలీ అనువారు చిత్తడినేలలలో నాచు మొదలగునవి కుళ్ళగా ఏర్పడు పీట్ అను పదార్థముతో రంగును తొలగించు విధమును ప్రకటించిరి. మన దేశమున కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన సి. నమశివాయము, ఆయన సహచరులు 1992లో అరటి బోదెను, 1996లో నారింజ తొక్కను, అటుపిమ్మట కొబ్బరి పీచుపొట్టునుండి తీసిన బొగ్గును పరీక్షించిరి. గౌహతిలో భట్టాచార్య, శర్మ అను పరిశోధకులు వేపాకు పొడికి గల శక్తిని 2003లో వెల్లడించిరి. ఇట్లు ఏ ప్రాంతమున ఏది మిగులునో, అచ్చట అది పరీక్షకు వచ్చినది.

మన తీరమునకు సంబంధించిన వస్తువు రొయ్య పెంకు. ఆంధ్రతీరమున రొయ్యల సాగు విస్తారము. తల, పెంకు తీయు కర్మాగారములలో ఈ వ్యర్థము గుట్టలుగా పడును. ఆ పెంకులో కైటిన్ అను పదార్థము కలదు. దానిని గాఢమైన క్షారముతో కాచినచో కైటోసాన్ సిద్ధించును. ఇది కొంచెము ఆమ్లత గల నీటిలో ధనావేశమును పొందును. అందువలన ఊక త్రోసిపుచ్చిన ఋణావేశపు వర్ణములను కైటోసాన్ ఆదరించును.

ఈ విజయగాథలను చదువునప్పుడు ఒక్క మెలకువ అవసరము. ఇట్టి పరిశోధనలలో చాలవానియందు పరీక్షకు పెట్టిన రంగు మెథిలీన్ బ్లూ. అది ధనావేశము గలది. ఊకకు, పొట్టుకు ప్రీతిపాత్రము. కాని నూలు అద్దకపు తొట్టినుండి వచ్చు చర్యాశీల వర్ణములు ఋణావేశము గలవి. ఇష్టమైన పాఠములోనే ప్రశ్నలిచ్చి విద్యార్థికి నూటికి నూఱు మార్కులు వేసినట్లున్నది ఈ పరీక్ష. కష్టమైన పాఠమున నెగ్గవలెననినచో ఊకను రసాయనములతో సంస్కరింపవలెను, లేదా బొగ్గుగా మార్చవలెను. సంస్కారమునకు ఖర్చు కలదు. ఆ ఖర్చు కలిపిన పిదప "చవుక" అను మాట మరల తూచి చూడవలసినదే.

ఒక చిన్న లెక్క

విద్యార్థుల కొఱకు ఒక లెక్క వేయుదము. లీటరుకు 100 మిల్లిగ్రాముల రంగుగల నీరు 1000 లీటర్లు ఉన్నదనుకొందము. అందలి రంగు మొత్తము 100 గ్రాములు. ఒక గ్రాము ఊక 40 మిల్లిగ్రాముల రంగును పట్టగలదనుకొన్నచో, కావలసిన ఊక రెండున్నర కిలోలు. ఒక బుట్టెడు ఊకతో ఒక చిన్న అద్దకపువాని దినపు నీరు తేటపడును. నిజమునకు ఆసనములన్నియు నిండవు గనుక ఇంకను కొన్ని రెట్లు కావలసియుండును. అయినను అది అసాధ్యము కాదు.

ఇదే లెక్కను దినమునకు పది లక్షల లీటర్ల నీరు విడుచు పెద్ద కర్మాగారమునకు వర్తింపజేయుదము. అప్పుడు దినమునకు 2500 కిలోల ఊక, నెలకు 75 టన్నులు కావలెను. దానిని తెచ్చుటకు, కడుగుటకు, ఎండబెట్టుటకు కూలియు, చోటును కావలెను. నెల ముగియుసరికి 75 టన్నుల ఊక రంగు పట్టి, నీరు పీల్చి, దొడ్డిలో కొండయై నిలుచును. నీటి సమస్య చెత్త సమస్యగా మాఱినది. సమస్య మాత్రము తీరలేదు.

నొయ్యల్ నేర్పిన పాఠము

ఇప్పుడు మనము జ్ఞాపకముంచుకొన్న ఉప్పు సంగతికి వత్తము. తమిళనాడులో కోయంబత్తూరునకు పడమటనున్న కొండలలో పుట్టి, తిరుప్పూరు మీదుగా పాఱి, కావేరిలో కలియు చిన్న నది నొయ్యల్. తిరుప్పూరు అల్లిక బనియన్లకును, చొక్కాలకును పేరొందిన పట్టణము. అచ్చట వందలకొలది అద్దకపు శాలలు వెలసినవి. 1990వ దశాబ్దిలో ఉమ్మడి శుద్ధి కేంద్రములను కట్టి, సున్నము, అన్నభేది మొదలగువానితో రంగును విఱుగగొట్టు ప్రయత్నము చేసిరి. రంగు కొంత తగ్గినది. ఉప్పు మాత్రము నీటిలోనే మిగిలినది.

బయట విడుచు నీటిలో కరగిన లవణములు లీటరుకు 2100 మిల్లిగ్రాములు మించరాదని కట్టడి కలదు. తొట్టిలో వేయు ఉప్పు 50 గ్రాములు, అనగా 50,000 మిల్లిగ్రాములు! కడుగుడు నీటితో కలిసి అది పలుచబడినను కట్టడిని మీఱుట తప్పలేదు. దిగువన పొలములకు నీరిచ్చుటకై కట్టిన ఒరత్తుపాళయము జలాశయము అద్దకపు నీటితో నిండిపోయెను. తమ ఆయకట్టునకు కట్టిన నీటినే విడువవద్దని రైతులు మొఱపెట్టుకొనవలసి వచ్చెను. నీటికొఱకు తగవులాడు రైతులను మనమెఱుగుదుము. నీరు వద్దని న్యాయస్థానమునకెక్కిన రైతుల దుఃఖము ఎట్టిదో పాఠకులు ఊహింపగలరు.

నొయ్యల్ ఆయకట్టుదారుల వ్యాజ్యము సంవత్సరముల తరబడి నడచెను. చెఱచినవాడే పరిహారమీయవలెనను సూత్రమును 2009లో సుప్రీంకోర్టు నిలబెట్టెను. అప్పటికిని ఆజ్ఞలు అమలు కానందున 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు శాలలను మూయింపుడని ఆజ్ఞాపించెను. వందలాది శాలలు మూతపడెను. వానిని నమ్ముకొన్న పనివారు పని కోల్పోయిరి. ఒకవైపు రైతు పొలము, మఱియొకవైపు కూలివాని కుండ. రెండింటి నడుమ ఆ నది. తరువాత ఒక్క చుక్కయు బయటికి విడువరాదను నియమముతో శాలలు మరల తెఱచిరి. సన్నని పొరల గుండా ఒత్తిడితో నీటిని వడకట్టి, మిగిలిన చిక్కని ఉప్పునీటిని తిరిగి అద్దకమునకే వాడుటయో, ఆవిరిచేసి ఉప్పును వేఱుచేయుటయో జరుగుచున్నది. ఇది మిక్కిలి ఖర్చుతో కూడిన పని.

ఊక ఎంతటి ఘనకార్యము చేసినను, తొట్టి ఉప్పును పట్టజాలదు. రంగు పోయిన నీరు కంటికి తేటగా నుండును. ఆ తేటనీరే పైరుకు విషము కావచ్చును. రంగునీరు తన దోషమును తానే చాటుకొనును, ఉప్పునీరు దాచుకొనును. కంటిని మాత్రమే నమ్మువానికి రెండవదియే ఎక్కువ ప్రమాదము.

ఊకకు తగిన చోటు

అయినచో ఊకను త్రోసివేయవలెనా? అక్కఱలేదు. దాని చోటును గుర్తింపవలెను. పోచంపల్లి, పుట్టపాక, చీరాల వంటి చేనేత కేంద్రములలో చిన్న తొట్లలో నూలునకు రంగు వేయువారు కలరు. కోట్ల రూపాయల యంత్రములు వారికి అలవి కానివి. అట్టివారికి ఇసుక, ఊకబొగ్గు, సంస్కరించిన పొట్టు పొరలుగా నింపిన పీపా ఒకటి మొదటి మెట్టుగా ఉపకరింపగలదు. అయితే ఏ రంగునకు ఏ పొట్టు తగునో ముందు పరీక్షింపవలెను. ఉప్పును మొదటనే తక్కువ వాడు పద్ధతులను అవలంబింపవలెను. చివరి కడుగుడు నీటిని మఱుసటి తొట్టికి వాడుకొనవలెను. తొట్టిలో వేయని ఉప్పును నదిలో వెదకవలసిన పని యుండదు.

ఇక చురుకైన విద్యార్థి ప్రశ్న. మన యిండ్లలో ఊక పొయ్యిలోనికి పోవును, పశువుల కొట్టములో పఱపుగా పోవును, పొలములో ఎరువుగా పోవును. రంగు పట్టిన ఊకకు ఈ మూడు దారులును మూసివేయవలెను. ఇంటి పొయ్యిలో దానిని కాల్చినచో విషవాయువులు పుట్టవచ్చును. పొలమున వేసినచో వాన కడిగి రంగును మరల వాగులో చేర్చును. మిక్కిలి వేడిగల కొలుములలో, పొగను శుద్ధిచేయు ఏర్పాటుతో కాల్చుట ఒక మార్గము. క్షారముతో కడిగి ఊకను మరల వాడుట మఱియొకటి. కాని కడిగిన నీటిలో రంగు తిరిగి చేరును.

మూడవ మార్గము ప్రకృతియే చూపినది. కూలిన మానులపై తెల్లకుళ్ళు పుట్టించు శిలీంధ్రములు కలవు. కఱ్ఱలోని లిగ్నినును మిగిలిన జీవులు సులభముగా జీర్ణించుకొనలేవు. ఈ శిలీంధ్రములు విచ్ఛిన్నము చేయగలవు. లిగ్నినును విఱుచు సాధనములే వర్ణములనుగూడ విఱువగలవని 1983లో గ్లెన్, గోల్డ్ అను పరిశోధకులు చూపిరి. రంగు పట్టిన ఊకపై వీనిని పెంచి, ఊకతోపాటు రంగును జీర్ణింపజేయు ప్రయత్నములు ప్రయోగశాలలలో ఫలించినవి. శాల గడప దాటి తొట్టి దగ్గఱకు అవి పూర్తిగా చేరవలసియున్నది. నేడు తరగతిలో ఊదారంగు నీటిని చూచి ఆశ్చర్యపడు బాలబాలికలకు ఇచ్చట చేయదగిన పని ఎంతో కలదు.

పాఠశాలలలో ఈ ప్రయోగము చేయించు ఉపాధ్యాయులకు ఒక్క మనవి. రంగు పోయినది చూపి పాఠమును ముగింపవలదు. "రంగు పోయిందా?" అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు కన్ను చాలును. "రంగు ఎక్కడికి పోయింది?" అను ప్రశ్నకు శాస్త్రము కావలెను. ఆ రెండవ ప్రశ్నను తరగతిలో అడుగ నేర్చిన విద్యార్థి, రేపు పెరటిలో రంగునీరు పాఱబోయుచు ఒక్క క్షణమైనను ఆగి చూచును.